ఆరు నిమిషాల వెలుతురు

"చప్పుడు ఎన్నింటికి విన్నారు?"

"మూడూ ఇరవైకి," అన్నాడు గ్యాలరీ డైరెక్టరు. "నాలుగోసారి అడుగుతున్నారు, నాలుగోసారి చెబుతున్నాను. మొన్న మధ్యాహ్నం మూడూ ఇరవైకి నేను ముఖద్వారం దగ్గర ముగ్గురు అతిథులతో మాట్లాడుతున్నాను. పైకప్పు మొత్తం కూలిందేమో అన్నంత చప్పుడయింది. పరుగెత్తుకొచ్చి చూస్తే ఆవిడ ఇదిగో, ఇక్కడ పడి ఉంది. అప్పటికే ప్రాణం లేదు."

అతను చూపించిన చోట నేల శుభ్రంగా కడిగేసి ఉంది. అయినా రాతిపలకల సందుల్లో గాజు నలుసులు మెరుస్తూనే ఉన్నాయి. డిటెక్టివ్ వాటి మీంచి చూపు తిప్పుకున్నాడు. అతన్ని ఈ కేసు చూడమని తీసుకొచ్చిన టీచరు మాత్రం పక్కన నిలబడి వాటినే చూస్తోంది. అక్కడ పడి చచ్చిపోయింది ఆవిడ సొంత చెల్లెలు.

డిటెక్టివ్ గడియారం చూసుకున్నాడు. ఒంటిగంటా యాభై. అయిదింటికి ఇన్‌స్పెక్టరు, హంతకుడని పట్టుకున్న గ్యాలరీ చెక్క మేస్త్రిని మేజిస్ట్రేటు ముందు నిలబెడతాడు. ఆ తరవాత ఎవరేం కనిపెట్టినా కోర్టు కాగితాల కింద నలిగిపోవడమే.

ఆ భవంతికి నూట ముప్పై ఏళ్ళు. ఒకప్పుడు కోర్టు, ఇప్పుడు చిత్రాల గ్యాలరీ. పెద్ద హాలుకి కిటికీల్లేవు, వెలుతురంతా పైనుంచే. ముందు గాజు పైకప్పు, దాని కింద తెరిచి మూసే చెక్క రెక్కలు, వాటి కింద మనిషి వంగి నడవగలిగేంత అటక, ఆ అటకకి నేలగా పాలగాజు పలకలు. హాల్లో నిలబడి తలెత్తితే కనిపించేది ఆ పాలగాజే. ఎండ ఇన్ని పొరలు దాటి, మెత్తబడి బొమ్మల మీద పడాలి. ఎక్కువైతే రంగులు చస్తాయి, తక్కువైతే చూసేవాళ్ళకి ఏమీ కనిపించదు. పాత కట్టడంలో ఒక్క రాయి కూడా కదల్చకుండా ఆ వెలుతురుని దారిలో పెట్టడానికి వచ్చిన ఇంజనీరు టీచరు చెల్లెలు. అయిదు నెలలుగా రోజూ మూడుంబావుకి అటకెక్కి, మూసిన రెక్కల సందుల్లోంచి పడమటెండ ఎంత వస్తోందో కొలుచుకునేది. మూడు నుంచి మూడున్నర దాకా హాల్లోకి ఎవర్నీ రానిచ్చేవారు కాదు. మొన్న కూడా ఎక్కింది. గాజు మీద బరువు పడకుండా దూలాలకి బిగించిన చెక్క నడకపలకల్లో మూడోదాని మీద కాలు పెట్టింది. పలకతో సహా పాలగాజు పగులగొట్టుకుని ముప్పై అయిదు అడుగుల కిందకి వచ్చింది.

"అటక తాళంచెవి ఎవరెవరి దగ్గరుంది?"

"ఆవిడ దగ్గరున్నది కాకుండా మేస్త్రి దగ్గరొకటి. నా బీరువాలో ఒకటి, అది కదిలింది లేదు." డైరెక్టరు గొంతు తగ్గించాడు. "ముప్పై ఏళ్ళుగా ఆ రెక్కల్ని చేత్తో తెరిచేదీ మూసేదీ మేస్త్రే. వాటికి మోటార్లు పెట్టాలని ఈవిడ రాసింది. నా నోటికాడ కూడు తీస్తున్నావా తల్లీ అని ఇదే హాల్లో అందరి ముందూ అరిచాడు. నేనే సర్దిచెప్పి పంపాను. ఇంత పని చేస్తాడనుకోలేదండీ. పెళ్ళి కావలసిన కూతురుంది, పాపం."

ఆ కూతురు ముఖద్వారం పక్కన టిక్కెట్ల గదిలో కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయి. గ్యాలరీ మూసేసినా రోజూలాగే వచ్చి, ఫోను చేసినవాళ్ళందరికీ లేదండీ లేదండీ అని చెబుతోంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"మొన్న మూడింటికి ఎక్కడున్నావమ్మా?" అనడిగాడు డిటెక్టివ్.

"ఇక్కడే సార్. కదల్లేదు."

"మీ నాన్న?"

"మెట్ల కింద పడుకున్నాడు. మొహం మీద తువ్వాలు కప్పుకుని. రెండింటికి రెక్కలు మూసేసి రోజూ ఓ గంటన్నర నడుం వాలుస్తాడు."

"నువ్వు చూశావా?"

"చూశాను." అంతలోనే నాలుక కరుచుకుంది. "అంటే... రోజూ చూస్తాను కదా సార్. మొన్న కూడా అంతే అయ్యుంటుందని."

టిక్కెట్ల గదికీ మెట్లకీ మధ్య రెండు గోడలున్నాయి. తండ్రిని కాపాడుకోవడానికి అబద్ధమాడుతోంది అనుకున్నాడు డిటెక్టివ్. జాలేసింది. ఇంకేమీ అడగలేదు.

హాలు వెనక నడవలో, మెట్ల పక్కన, బండి చక్రమంత ఇనుప చక్రం గోడకి బిగించి ఉంది. దాన్ని నలభై చుట్లు తిప్పితే పైన రెక్కలు పూర్తిగా తెరుచుకుంటాయి. వెనక్కి నలభై తిప్పితే మూసుకుంటాయి. అక్కణ్ణుంచి అటకకి అరవై రెండు మెట్లు.

డిటెక్టివ్ మోకాళ్ళు పట్టుకుంటూ ఎక్కాడు. అటకలో మసక చీకటి. దూలాల మీద వరసగా పలకలు, ఒక్కో పలకకీ నాలుగు బోల్టులు. మూడో పలక ఉండాల్సిన చోట పెద్ద కన్నం, దానికింద కడిగిన నేల. బోర్లా పడుకుని టార్చి వేసి చూశాడు. దూలం మీద దుమ్ములో పాత పలక ఆనిన చోటు స్పష్టంగా ఉంది, వెడల్పు జానెడు. దాని అంచున కొత్తగా గీరుకున్న గుర్తు, వెడల్పు బొటనవేలంత. బోల్టులు ఊడి పలక దానంతటది జారలేదు. ఎవరో ఊడదీసి, చివర బొటనవేలంత మాత్రమే దూలం మీద ఆనేలా జరిపిపెట్టారు. పైనుంచి చూస్తే అన్ని పలకల్లాగే కనిపిస్తుంది. కాలు పెడితే చాలు.

జేబులోంచి స్పానరు తీసి నాలుగో పలక బోల్టు ఒకటి విప్పి చూశాడు. తుప్పు పట్టి మొండికేసింది. యాభై సెకన్లు.

కిందకి వచ్చేసరికి టీచరు చెల్లెలి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది.

"సార్, హాలు గోడలకి మూడు చిన్న పెట్టెలున్నాయి చూశారా, అగ్గిపెట్టెల్లాంటివి? అవి నిమిషానికోసారి వెలుతురు కొలిచి దీంట్లో రాస్తాయి. రాత్రంతా దీని పాస్‌వర్డు కోసం కొట్టుకున్నాను. చివరికి చూస్తే మా అమ్మ పుట్టిన తేదీ." ఆవిడ తెర అతని వైపు తిప్పింది. "ఇది మొన్నటి గీత. లెక్కల టీచర్ని కదా, గీతలు చదవడం నాకొచ్చు. రెండింటికి మేస్త్రి రెక్కలు మూశాడు, యాభై లక్స్‌కి దిగింది. అక్కణ్ణుంచి అలాగే ఉండాలి కదా? ఇక్కడ చూడండి."

మూడూ అయిదుకి గీత నిట్టనిలువుగా లేచింది. యాభై నుంచి ఆరు వందలకి. నిమిషంలో. మూడూ పదకొండుకి మళ్ళీ యాభైకి దిగిపోయింది.

"మబ్బు తొలగి ఎండ వచ్చిందేమో?"

"పైకప్పు మీద బయట ఇంకో పెట్టె ఉంది సార్. దాంట్లో ఎండ ఆ గంటంతా ఒక్కలాగే ఉంది. ఎవరో రెక్కలు తెరిచి మూశారు."

మూడూ ఇరవై దగ్గర గీత చిన్నగా తుళ్ళి, అక్కణ్ణుంచి కొంచెం ఎత్తులోనే సాగింది. పాలగాజు ఒకటి లేకపోతే ఆ మేరకు వెలుతురు పెరుగుతుంది మరి. ఆ తుళ్ళు ఏమిటో ఇద్దరికీ అర్థమయింది.

"టీచరుగారూ, నా మోకాళ్ళతో లెక్క తేలదు. మీరు ఎక్కగలరా? పై తలుపు దాకా చాలు."

ఆవిడ కొంగు బిగించి, చెల్లెలు చివరిసారి ఎక్కిన మెట్లు ఎక్కింది. డెబ్బై అయిదు సెకన్లు. పైన తలుపు దగ్గర ఆగి చాలాసేపు దిగలేదు. దిగినప్పుడు మొహం కడుక్కున్నట్టు తడిగా ఉంది.

మూడూ పాతికకి ఇన్‌స్పెక్టరు హాల్లో అడుగుపెట్టాడు. ఒకప్పుడు డిటెక్టివ్ చేతికింద పనిచేసినవాడే. వెనకే డైరెక్టరు.

"నమస్కారం గురువుగారూ! దుమ్ము బాగా అంటించుకున్నారు. అటకలో ఏమైనా దొరికిందా, బొద్దింకలు కాకుండా?"

"పలక జారలేదు. జరిపారు."

"తెలుసు. జరిపినవాణ్ణి లోపలేశాను కూడా. నాలుగు బోల్టులూ మేస్త్రి పనిముట్ల సంచిలో దొరికాయి. గొడవకి సాక్షులు పన్నెండు మంది. తాళంచెవి వాడి మొలతాడుకే ఉంది. ఇంతకన్నా ఏం కావాలి? మీరు ఉద్యోగం వదిలేశాక మాకు తెలివి తక్కువైందనుకుంటున్నారా?"

డిటెక్టివ్‌కి ఒళ్ళు మండింది. ఏడేళ్ళుగా ఈ ఎకసెక్కం వింటూనే ఉన్నాడు. రెండేళ్ళుగా ఒక్క కేసు కూడా కొలిక్కి తేలేక, అద్దెగదిలో గోడలు చూస్తూ కూర్చున్న మనిషి. చేతిలో తురుపుముక్క పడింది. ఆగలేకపోయాడు.

"నీకు తెలియనిది చెప్పనా? మూడూ అయిదు నుంచి మూడూ పదకొండు దాకా ఆ రెక్కలు తెరిచి ఉన్నాయి. ఆరు నిమిషాలు. ఎందుకు? అటకలో పనిచేసేవాడికి వెలుతురు కావాలి గనక. ముప్పై ఏళ్ళు ఆ అటకలో తిరిగిన మేస్త్రి కళ్ళకి గంతలు కట్టినా బోల్టులు విప్పగలడు. వాడికి వెలుతురెందుకు?"

"వయసయింది. చూపు మందగించింది. తెరుచుకున్నాడు."

"తెరవడానికి చక్రం ఎక్కడుంది? కింద. బోల్టులు ఎక్కడున్నాయి? పైన. ఎక్కడానికి నిమిషం పైన, వంగి నడవడానికి అరనిమిషం, నాలుగు బోల్టులకి మూడు నిమిషాల పైన. మళ్ళీ వెనక్కి రావాలి, చక్రం తిప్పి మూయాలి. కుర్రాడైనా ఎనిమిది నిమిషాలకి తక్కువ పట్టదు. ఇది ఒక్కడి పని కాదు. ఒకరు పైన, ఒకరు కింద చక్రం దగ్గర. చక్రం తిప్పిన మనిషి దొరికితే పైనున్నది ఎవరో ఆ మనిషి చేతే చెప్పిస్తాను!"

హాల్లో ఆ గొంతు ఖంగుమంది. టీచరు డిటెక్టివ్ మోచేతిని పట్టుకుని మెల్లగా లాగింది. ఇన్‌స్పెక్టరు మొహం మాడ్చుకున్నాడు. డైరెక్టరు మాత్రం ఎంతో శ్రద్ధగా వింటున్నాడు.

"అద్భుతం," అన్నాడు డైరెక్టరు. "మీరిద్దరూ మాట్లాడుకోండి. నాకు బయట చిన్న పనుంది."

"వెలుతురు గీతలు పట్టుకుని మేజిస్ట్రేటు దగ్గరకి రండి గురువుగారూ, కాసేపు నవ్వుకుంటాం," అని ఇన్‌స్పెక్టరు కూడా విసురుగా వెళ్ళిపోయాడు.

టీచరు సంచిలోంచి చెల్లెలి నోటుబుక్కు తీసింది. "చివరి పేజీ అర్థం కావట్లేదు సార్. అంతా అంకెలే రాసింది. ఇదొక్కటే మాటల్లో ఉంది."

'ఫ్రేము కింద కూడా అదే ఎరుపు. ఎలా?'

హాల్లో నడిగోడ మీద ఉన్నది ఆ గ్యాలరీకంతటికీ పేరు తెచ్చిన బొమ్మ. ఎర్ర శాలువా కప్పుకున్న ముసలామె. పక్కగోడ మీద అదే చిత్రకారుడిది చిన్న బొమ్మ. రెండింటికీ కింద కొలత పెట్టెలు అమర్చడానికి ఇంజనీరు ఫ్రేము బద్దలు విప్పి ఉంచింది. డిటెక్టివ్ ముందు చిన్న బొమ్మ దగ్గర వంగాడు. బొమ్మలోని ఎరుపు ఎండి పాతబడ్డ ఇటుక రంగులో ఉంది. ఇన్నాళ్ళూ బద్ద కింద దాగిన వేలెడు మేర మాత్రం దానిమ్మ గింజంత ఎరుపు. నూరేళ్ళ వెలుతురు తాకినదానికీ తాకనిదానికీ ఆ తేడా ఉండాలి.

ముసలామె దగ్గరకి వచ్చి వంగాడు. టార్చి దగ్గరగా పెట్టాడు. బద్ద కిందా, శాలువా మీదా ఒకే ఇటుక రంగు. వెలిసినట్టు కనిపించేలా కావాలని కలిపి వేసిన రంగు. వెలుతురు తగలని చోట కూడా వెలిసిపోయిన రంగు.

"ఇది ఆ బొమ్మ కాదు," అన్నాడు. "నకలు. మీ చెల్లెలు వెలుతురు కొలవబోయి దొంగతనం కనిపెట్టింది."

టీచరు నోటుబుక్కు పేజీలు వెనక్కి తిప్పింది. ఒకచోట చెల్లెలు రాసుకుంది: పెద్ద బొమ్మని రెండేళ్ళ కిందట శుభ్రం చేయించడానికని ఎనిమిది నెలలు బయటికి పంపారు. పంపినదీ తెప్పించినదీ డైరెక్టరే.

మూడూ ఇరవైకి అతను ముఖద్వారం దగ్గరున్నాడు. నిజమే. మూడూ అయిదుకి ఎక్కడున్నాడని ఈ రెండు రోజుల్లో ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

"అది చూసిందని వాడికెలా తెలిసింది సార్?"

"అడిగి ఉంటుంది. మంచి మనిషి కదా. ఇలా ఎందుకుందండీ అని వెళ్ళి వాణ్ణే అడిగి ఉంటుంది."

టీచరు అక్కడే, గాజు నలుసుల పక్కన, నేల మీద కూలబడింది. హంతకుడెవరో తెలిస్తే బరువు దిగుతుందని జనం అనుకుంటారు. దిగగా డిటెక్టివ్ ఎప్పుడూ చూడలేదు.

ఇక మిగిలింది చక్రం తిప్పిందెవరన్నదే. ఆ చక్రం సంగతి మేస్త్రికంటే బాగా చెప్పగలిగేవాళ్ళు లేరు. నాలుగూ పదికి ఇద్దరూ బయటికి వచ్చారు. టిక్కెట్ల గది మూసి ఉంది. తండ్రిని చూడ్డానికి వెళ్ళి ఉంటుందనుకున్నాడు.

స్టేషన్‌లో పాత హెడ్‌కానిస్టేబులు టీచర్ని బెంచీ మీద కూర్చోబెట్టి, మారుమాట్లాడకుండా డిటెక్టివ్‌ని లాకప్ దగ్గరకి తీసుకెళ్ళాడు. మేస్త్రి గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. ప్రశాంతంగా ఉన్నాడు. ఆ ప్రశాంతత డిటెక్టివ్ ఇదివరకు ఒకసారి చూశాడు. ఏడేళ్ళ కిందట ఒక పాలవ్యాను డ్రైవరు సరిగ్గా ఇలాగే కూర్చున్నాడు. చెయ్యని హత్యకి వాడి చేత సంతకం పెట్టించింది తనే. నిజం తెలిసేసరికి వాడు జైల్లోనే పోయాడు. ఆ మర్నాడే తను ఉద్యోగం వదిలేశాడు.

"సంతకం పెట్టేశారా మేస్త్రీ?"

"మధ్యాహ్నమే పెట్టాను బాబూ. నేనే చేశాను. ఇంక నన్నొదిలెయ్యండి."

"మీరు చెయ్యలేదు. రుజువుంది. మూడూ అయిదుకి ఎవరో చక్రం తిప్పి రెక్కలు తెరిచారు."

మేస్త్రి మొహంలో ప్రశాంతత ఒక్కసారిగా చెదిరిపోయింది. లేచి ఊచల దగ్గరకి వచ్చాడు.

"ఆ మాట ఎవరికీ చెప్పకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. ఎవరికీ చెప్పకండి బాబూ."

"ఎందుకు?"

"ఆ చక్రం తిప్పడం లోకంలో నేనొక్కరికే నేర్పాను." ముసలాయన ఊచలు పట్టుకున్నాడు. "నిద్రలో చక్రం చప్పుడు విన్నాను. ముప్పయ్యో చుట్టు దగ్గర ఆగింది. మా అమ్మాయికి చిన్నప్పుడు కుడిచెయ్యి విరిగింది. ముప్పై తిప్పాక నొప్పెట్టి చెయ్యి మార్చుకుంటుంది. లేచి చూడక్కర్లేదు, అదేనని తెలుసు. అది చీమకి కూడా అపకారం చెయ్యదు బాబూ. ఎవరో చెయ్యమన్నారు, చేసింది. ఎవరు చెయ్యమన్నారో నాకు చెప్పలేదు. ఒకటే ఏడుపు. ఈ గీతలూ రుజువులూ అంటే దాన్ని లాక్కొచ్చి ఇక్కడే పడేస్తారు. నాకు అరవై రెండు. నేనుంటాను లోపల."

కాబట్టి ఆ పిల్ల తండ్రిని నిజంగానే చూసింది. చక్రం దగ్గర నిలబడి, పక్కనే మెట్ల కింద, మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్న తండ్రిని. తనతో ఆడినది ఒక్కటే అబద్ధం, గదిలోంచి కదల్లేదని. తను మాత్రం నిజాన్ని అబద్ధమనుకుని వదిలేసి వచ్చాడు.

"డైరెక్టరు," అన్నాడు వెనక నుంచి ఇన్‌స్పెక్టరు. ఎప్పుడొచ్చాడో, అంతా విన్నాడు. గొంతులో ఎకసెక్కం లేదు. "ఆ గ్యాలరీలో ఆ పిల్లకి పని చెప్పగలిగేది అతనొక్కడే. కదా?"

"నకలు బొమ్మ ఉంది. చూపిస్తాను. ముందు ఆ పిల్లని పిలిపించు. సాక్షిగా. ముద్దాయిగా కాదు."

ఇన్‌స్పెక్టరు గ్యాలరీ కాపలావాడికి ఫోను కలిపాడు. రెండు మాటలు విని, గోడ గడియారం వైపు చూశాడు. నాలుగూ నలభై.

"ఎప్పుడు?... ఎవరితో?" ఫోను చెవి దగ్గర్నుంచి మెల్లగా దించాడు. "మూడూ నలభైకి డైరెక్టరు తన కార్లో ఎక్కించుకు వెళ్ళాడట. తండ్రి సంతకం చేస్తున్నాడు, నిన్ను కూడా స్టేషన్‌కి రమ్మన్నారని చెప్పాడట."

"నువ్వు రమ్మన్నావా?"

"లేదు."

గ్యాలరీ నుంచి స్టేషన్‌కి పది నిమిషాల దారి. గంట గడిచింది. ఇన్‌స్పెక్టరు ఆ పిల్ల నంబరుకి చేశాడు. మోగలేదు. డైరెక్టరు నంబరుకి చేశాడు. అదీ మోగలేదు. డైరెక్టరు కారు నంబరు చెబుతూ, అందర్నీ కేకలేస్తూ జీపు వైపు పరుగెత్తాడు.

మేస్త్రి ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. జరుగుతున్నది ఒక్కో ముక్కా పేర్చుకుంటున్నట్టు అతని చూపు తలుపు నుంచి గడియారానికీ, గడియారం నుంచి డిటెక్టివ్ మొహానికీ తిరిగింది.

"ఈ రెండు రోజులూ దాని జోలికి రాలేదు బాబూ ఆయన. దాన్ని చూస్తే పాపం అనేవాడు. ఇవాళే ఎందుకు తీసుకెళ్ళాడు? చక్రం తిప్పింది ఎవరని మీరు వెతుకుతున్న సంగతి ఆయనకెలా తెలిసింది?"

డిటెక్టివ్ తలొంచుకోలేదు. తలొంచుకునే హక్కు కూడా తనకి లేదనిపించింది.

"నేనే చెప్పాను మేస్త్రీ," అన్నాడు.